ఏడో నెలలోనే ఎడమచేతి వాటమా? ఒక పాప కేసు

దోగాడటం లేదన్న దిగులుతో ఏడు నెలల పాపను నా దగ్గరికి తీసుకొచ్చారు. ఆ వయసుకు దోగాడకపోతే దిగులు పడాల్సింది ఏమీ లేదు. కానీ మాటల మధ్యలో వాళ్లు ముచ్చటపడుతూ ఇంకో సంగతి చెప్పారు: "మా పాపది ఎడమచేతి వాటం డాక్టర్ గారూ, అచ్చం వాళ్ల తాతయ్య పోలిక." నేను ఆగింది ఆ మాట దగ్గర. మొదటి ఏడాదిలో పిల్లలకు చేతివాటం ఏర్పడదు. ఏర్పడినట్టు కనిపిస్తే, రెండో చెయ్యి ఎందుకు వెనకబడిందో చూడాలి.

ఎదుగుదల మైలురాళ్ల గురించి తల్లిదండ్రులకు దొరికే సమాచారమంతా "ఏ నెలకు ఏం చెయ్యాలి" అన్న లెక్కలోనే ఉంటుంది. ఆ లెక్క ప్రకారం ఈ పాపకు దాదాపు ఏ లోటూ లేదు. ఎలా చేస్తోంది, రెండు వైపులా ఒకేలా చేస్తోందా అని చూసినప్పుడే తేడా తెలిసింది. ఈ కేసును రాయడానికి కారణం అదే. తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

వచ్చినప్పటి పరిస్థితి

తొలి కాన్పు. నెలలు నిండాకే పుట్టింది, పుట్టగానే ఏడ్చింది. బరువు 2.9 కిలోలు, తల చుట్టుకొలత 34 సెంటీమీటర్లు. మొదటి వారంలో ఫిట్స్ రాలేదు, పాలు తాగడంలో ఇబ్బంది లేదు, ఐసీయూలో ఉంచాల్సిన అవసరం రాలేదు. గర్భంతో ఉన్నప్పుడు తల్లికి బీపీ గానీ షుగర్ గానీ లేవు. టీకాలన్నీ సమయానికి వేయించారు. బరువు, పొడవు, తల పెరుగుదల మూడూ గ్రాఫులో వాటి గీత వెంటే నడుస్తున్నాయి.

తల్లి ఫోన్‌లో ఒక మైలురాళ్ల పట్టిక ఉంది. శ్రద్ధగా టిక్కులు పెట్టుకుంటూ వచ్చింది. రెండో నెలలో మొహం చూసి నవ్వింది. నాలుగో నెలకు మెడ నిలిచింది. అయిదో నెలలో బోర్లా పడింది. ఆరు దాటాక చేతులు ముందుకు ఆనించి కాసేపు కూర్చుంటోంది. "బబబ", "దదద" మొదలయ్యాయి. కొత్తవాళ్లు ఎత్తుకుంటే మొహం ముడుచుకుంటుంది. బొమ్మ కోసం చెయ్యి చాపుతుందా అన్న ప్రశ్నకు టిక్ ఉంది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటుందా అన్నదానికీ టిక్ ఉంది. మిగిలింది దోగాడటం ఒక్కటే. తెలిసినవాళ్ల పాప ఆరున్నర నెలలకే దోగాడిందని విన్నప్పటి నుంచి అమ్మమ్మకు టెన్షన్ పట్టుకుంది. కాళ్లకు బలం వస్తుందని ఎవరో చెబితే వాకర్ కూడా కొన్నారు.

ముందు దోగాడటం సంగతి తేల్చేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను వరుసగా గమనించి 2006లో ఫలితాలు వెల్లడించింది. చేతులూ మోకాళ్ల మీద దోగాడటం మొదలైన వయసు 5.2 నెలల నుంచి 13.5 నెలల దాకా ఉంది. 4.3 శాతం పిల్లలు అసలు అలా దోగాడకుండానే నడిచేశారు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022లో తన మైలురాళ్ల పట్టికను సవరించినప్పుడు దోగాడటాన్ని అందులోంచి తీసేసింది. కాబట్టి ఏడు నెలలకు దోగాడని పాప వెనకబడినట్టు కాదు. ఈ మాట చెప్పగానే అమ్మమ్మ మొహం తేటపడింది.

వాకర్ మాత్రం వాడొద్దని గట్టిగానే చెప్పాను. అది నడక నేర్పదు. పిల్లలు మునివేళ్ల మీద నెట్టుకుంటూ తిరగడానికి అలవాటు పడతారు, నేల మీద దొర్లి, పాకి, లేచి నేర్చుకోవాల్సిన సమయం పోతుంది. పైగా మెట్ల మీద నుంచి పడటం, వేడి వస్తువులు అందుకోవడం లాంటి ప్రమాదాలు ఉన్నాయి. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది.

పాపను చూసిన విధానం

చంటిపిల్లల పరీక్షలో సగం వాళ్లను ముట్టుకోకముందే అయిపోతుంది, అయిపోవాలి కూడా. ఒకసారి ఏడుపు మొదలైతే కదలికల తీరు తెలియదు. నేల మీద చాప పరిచి, తల్లిని ఎదురుగా కూర్చోమని, పాపను వెల్లకిలా పడుకోబెట్టాం. ఒక ఎర్ర రింగును సరిగ్గా ఛాతీ మధ్యకు ఎదురుగా పట్టుకున్నాను. ఈ వయసు పిల్లలు రెండు చేతులతో ఎగబడతారు, లేదా ఒకసారి ఈ చేత్తో, ఇంకోసారి ఆ చేత్తో అందుకుంటారు. పాప ఎడమ చెయ్యి చాపింది. మళ్లీ చూపిస్తే మళ్లీ ఎడమ చెయ్యే. రింగును కుడి భుజం పక్కకు జరిపాను. కుడి చెయ్యి దానికి బెత్తెడు దూరంలో ఉంది. అయినా పాప ఒళ్లంతా తిప్పి, ఎడమ చేతిని ఛాతీ మీదుగా ఇవతలికి తెచ్చి రింగు అందుకుంది.

పక్కనే ఉన్న చేతిని వదిలేసి దూరంగా ఉన్న చేతిని తీసుకురావడం ఇష్టానికి సంబంధించిన విషయం కాదు. పెద్దయ్యాక నిజంగా ఎడమచేతి వాటం వచ్చే పిల్లలు కూడా ఈ వయసులో కుడి పక్కన ఉన్న బొమ్మను కుడి చేత్తోనే పట్టుకుంటారు.

ఎడమ చేతిలో రింగు ఉండగా ఒక గిలక్కాయ చూపించాను. ఖాళీగా ఉన్న చేత్తో దాన్ని తీసుకోవాలి. పాప రింగు వదిలేసి గిలక్కాయను కూడా ఎడమ చేత్తోనే పట్టింది. తల్లి పెట్టిన రెండో టిక్ సంగతి ఇక్కడే తెలిసింది. బొమ్మ ఎడమ చేతిలోంచి నోట్లోకి, నోట్లోంచి మళ్లీ ఎడమ చేతిలోకి వెళుతోంది. కుడి పిడికిలి దగ్గరికి వచ్చి బొమ్మకు ఆనుతోంది, అంతే. చూసేవాళ్లకు చెయ్యి మార్చుకున్నట్టే ఉంటుంది. తల్లి గమనించడంలో లోపమేమీ లేదు. ఏ చేతిలోంచి ఏ చేతిలోకి అని పట్టికే అడగలేదు.

తర్వాత చిన్న గుడ్డ పరీక్ష. ముఖం మీద పల్చటి గుడ్డ వేస్తే ఈ వయసు పిల్లలు వెంటనే లాగేస్తారు. ఎడమ చేతిని మెల్లగా పట్టుకుని గుడ్డ వేసినప్పుడు పాప తల అటూ ఇటూ తిప్పింది, విసుక్కుంది. కుడి చెయ్యి భుజం దాకా లేచింది గానీ గుడ్డను పట్టుకోలేకపోయింది. ఆ చేతి బొటనవేలు పిడికిలి లోపలే ఉంది. పుట్టిన కొత్తలో పిల్లల చేతులు ముడుచుకునే ఉంటాయి, మూడు నాలుగు నెలలకు ఎక్కువసేపు తెరిచి ఉండాలి. ఒక చెయ్యి తెరుచుకుని ఇంకోటి ముడుచుకునే ఉంటే ఏ వయసులోనైనా చూపించాల్సిందే.

"నిద్రలో రెండు చేతులూ తెరిచే ఉంటాయి కదా" అని తండ్రి అడిగాడు. మంచి ప్రశ్న. ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉండటానికి అదే కారణం. మెదడు నుంచి వచ్చే బిగుతు నిద్రలో సడలుతుంది. మెలకువగా ఉండి, ఏదో కావాలని ప్రయత్నిస్తున్నప్పుడు ఎక్కువవుతుంది. కాబట్టి నిద్రలో చెయ్యి మెత్తగా ఉందంటే సమస్య లేనట్టు కాదు.

బోర్లా పడటం నిజమే, కానీ ఎప్పుడూ కుడి వైపుకే. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పైనుంచి దాటి వచ్చి ఒంటిని తిప్పుతున్నాయి. ఎడమ వైపుకు తిరగాలంటే కుడి అవయవాలు ముందుకు రావాలి, అవి రావడం లేదు. కూర్చోబెట్టి ఎడమకు కొద్దిగా ఒరిగేలా చేస్తే ఎడమ అరచెయ్యి నేలకు ఆని పాపను ఆపింది. కుడికి ఒరిగితే చెయ్యి రాలేదు, నేనే పట్టుకున్నాను. గాల్లో పట్టుకుని తల ముందుకు వంచుతూ చాప మీదికి దించినప్పుడు, పడిపోతున్నామని చేతులు చాపే ప్రతిచర్య ఒకటి ఏడు నుంచి తొమ్మిది నెలల మధ్య వస్తుంది. పాప ఎడమ చెయ్యి వేళ్లు విప్పుకుని ముందుకు వచ్చింది. కుడి మోచెయ్యి మడిచే ఉంది.

కాళ్లలో తేడా తక్కువే. కుడి కాలు కొంచెం తక్కువ తంతోంది, ఆ మడమ దగ్గర వేగంగా వంచితే ఒక పట్టు తగులుతోంది. కుడి మోకాలి రిఫ్లెక్స్ చురుగ్గా ఉంది. హామర్‌స్మిత్ పరీక్ష అని చంటిపిల్లల నరాల పరీక్ష ఒకటుంది, మొత్తం 78 మార్కులు. ఆరు నెలలు దాటిన పిల్లల్లో 73 కంటే తగ్గితే జాగ్రత్తగా చూస్తాం. పాపకు 65 వచ్చాయి. మార్కుల కంటే ముఖ్యమైన సంగతి, తగ్గినవన్నీ కుడి వైపువే.

చూపు, వినికిడి, మాట విడిగా చూశాను. కుడి వైపు నుంచి శబ్దం లేకుండా బొమ్మ తెస్తే తల తిప్పి చూసింది. రెండు వైపుల చప్పుళ్లకూ స్పందించింది. నవ్వు, కళ్లలోకి చూడటం, తల్లి గొంతు వినగానే కదిలిపోవడం, అన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయి.

ఫోన్‌లోని వీడియోలు

చాలా కుటుంబాల దగ్గర ఇప్పుడు పాప మొదటి నెల నుంచి వీడియోలు ఉంటాయి. నేను తప్పకుండా చూపించమంటాను. క్లినిక్‌లో పది నిమిషాలు చూసేదానికంటే ఎక్కువ తెలుస్తుంది. నెల వయసులో తీసిన వీడియోలో రెండు చేతులూ, రెండు కాళ్లూ ఒకేలా ఆడుతున్నాయి. నాలుగో నెలలో తీసినదానిలో పాప పైన వేలాడే బొమ్మను ఎడమ చేత్తో కొడుతోంది, కుడి పిడికిలి ఒంటికి దగ్గరగా ఉంది. ఆరో నెల వీడియోలో తేడా ఇంకా స్పష్టం. తల్లి ఆ మూడూ వరుసగా చూసి ఏమీ మాట్లాడలేదు. "ఇది మాకెందుకు కనపడలేదు?" అని తండ్రి అడిగాడు. ఎడమచేతి వాటం అన్న పేరు దొరికాక కళ్లు ఇంకేమీ వెతకవు. పైగా ఈ తేడా నెమ్మదిగా వచ్చింది, ఒక రోజులో వచ్చినది కాదు.

ఏమై ఉండొచ్చు

ఒక చెయ్యి తక్కువ కదిలితే నాలుగైదు కారణాలు ఆలోచించాలి. కాన్పు సమయంలో మెడ దగ్గర నరాలు సాగి దెబ్బతింటే చెయ్యి పుట్టినప్పటి నుంచే వాలిపోయి, మెత్తగా ఉంటుంది, రిఫ్లెక్సులు తగ్గుతాయి. ఇక్కడ తొలి నెలలో చెయ్యి బాగా ఆడింది, ఇప్పుడు బిగుతుగా ఉంది, కాలిలోనూ తేడా ఉంది. అంటే నరం దగ్గరి సమస్య కాదు. ఎముక విరిగి ఉంటే నొప్పి, వాపు కనిపించాలి. మెడ ఒక పక్కకు పట్టేసిన పిల్లలు కూడా ఒక చేతినే చూస్తూ దాన్నే వాడతారు, పాప మెడ రెండు వైపులా హాయిగా తిరుగుతోంది. కుడి చెయ్యి, కుడి కాలు కలిపి బిగిశాయంటే మెదడు ఎడమ భాగం వైపు చూడాలి.

ఎంఆర్‌ఐ చేయించాం. ఈ వయసులో కదలకుండా ఉండటానికి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. సీటీ స్కాన్ త్వరగా అయిపోతుంది కదా అని అడిగారు. అందులో రేడియేషన్ ఉంది, ఇలాంటి పాత మచ్చలు ఎంఆర్‌ఐలోనే బాగా తెలుస్తాయి. ఫలితం: మెదడు ఎడమ వైపు మధ్య ధమని రక్తం అందించే భాగంలో పాత గాయం. ఇప్పుడు జరిగింది కాదు. పుట్టుకకు దగ్గరి రోజుల్లో, కడుపులో ఉండగా గానీ పుట్టాక మొదటి రోజుల్లో గానీ, ఆ రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తం అందలేదు. దీన్ని పెరినేటల్ స్ట్రోక్ అంటారు. పెద్దవాళ్లకే పక్షవాతం వస్తుందనుకుంటాం గానీ, పుట్టుక చుట్టూ ఉన్న రోజులు కూడా దీనికి ప్రమాదకరమైనవే. ఆ సమయంలో రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరిగి ఉంటుంది. మాయలో ఏర్పడిన గడ్డలు కూడా ఒక కారణమని భావిస్తారు. ఎడమ వైపు దెబ్బతినడమే ఎక్కువగా చూస్తాం.

కొందరు పిల్లలకు పుట్టిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వచ్చి అప్పుడే తెలుస్తుంది. మిగతావాళ్లు ఈ పాపలా మామూలుగా ఇంటికి వెళతారు. అప్పటి డాక్టర్లు చూడలేదా అన్న అనుమానం ఈ కుటుంబానికీ వచ్చింది, అది సహజం. తొలి నెలల్లో పిల్లల కదలికలను చాలావరకు మెదడు కింది భాగాలు, వెన్నుపాము నడిపిస్తాయి. చెయ్యి చాపి పట్టుకోవడం లాంటి ఉద్దేశంతో చేసే పనులు మెదడు పైపొర నుంచి దిగే నరాల దారి పక్వమయ్యే కొద్దీ వస్తాయి. అందుకే పుట్టినప్పుడు లేని తేడా నాలుగైదు నెలలకు బయటపడుతుంది.

పాపకు ఏర్పడింది ఒక వైపు సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడుకు తగిలిన గాయం వల్ల కదలికలు దెబ్బతినే పరిస్థితి. ఆ పేరు ఆ రోజే చెప్పాను. "చూద్దాం, రెండేళ్లు రానివ్వండి" అనే పద్ధతి చాలాకాలం నడిచింది. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రచురించిన సూచనల ప్రకారం సరైన పరీక్షలతో ఆరు నెలల లోపే దీన్ని గుర్తించవచ్చు. పేరు ఆలస్యంగా చెబితే తల్లిదండ్రులకు కొన్నాళ్లు ప్రశాంతంగా ఉండొచ్చు, కానీ పాపకు ఆ నెలలు తిరిగి రావు.

మొదటి నెలల్లో మెదడు రెండు అర్ధభాగాలూ రెండు చేతులకూ నరాల పోగులు పంపుతాయి. వాడుకను బట్టి కొన్ని నిలుస్తాయి, కొన్ని వెనక్కి పోతాయి. నడిచే బాట నిలుస్తుంది, నడవని బాట గడ్డి కమ్ముకుపోతుంది. దెబ్బతిన్న ఎడమ భాగం నుంచి కుడి చేతికి వచ్చే పోగుల్లో మిగిలినవి నిలవాలంటే కుడి చేతికి పని పడాలి, అదీ ఈ వయసులోనే.

తల్లి అడిగిన ప్రశ్న

అంతా విన్నాక తల్లి ఒక్కటే అడిగింది: "కడుపుతో ఉన్నప్పుడు నేనేమైనా తప్పు చేశానా డాక్టర్ గారూ?"

"లేదమ్మా" అన్నాను. ఆ తర్వాత కారణంతో సహా చెప్పాను, ఎందుకంటే ఉత్త ఓదార్పు ఇంటికి వెళ్లేలోపే కరిగిపోతుంది. ఆమె తిన్నది, చేసిన పని, పడుకున్న తీరు, బాధపడిన సందర్భం, వీటిలో ఏదీ దీనికి కారణం కాదు. చాలా కేసుల్లో కచ్చితమైన కారణం దొరకదు. ముందే కనిపెట్టి ఆపే మార్గం కూడా లేదు. ఈ పాపకు మళ్లీ స్ట్రోక్ రావడం, తర్వాతి బిడ్డకు ఇలా జరగడం చాలా అరుదు. అమ్మమ్మ కళ్లు తుడుచుకుంటూ, "డాక్టరమ్మా, నడుస్తుందా?" అంది. ఒక వైపు సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో దాదాపు అందరూ నడుస్తారు, కొంత ఆలస్యంగా నడవచ్చు. మేము ఎక్కువ కష్టపడాల్సింది చేతి కోసం. ఈ రెండు మాటలూ సూటిగా చెప్పాను.

ఫిట్స్ గురించి కూడా అదే రోజు చెప్పాలి, భయపడతారని దాచకూడదు. ఇలాంటి గాయం ఉన్న మెదడుకు ఫిట్స్ వచ్చే అవకాశం ఎక్కువ. ముఖ్యంగా నిద్ర లేచిన వెంటనే వరుసగా, కొన్ని సెకన్లకు ఒకసారి తల వాల్చి, చేతులు విసిరినట్టు ఉలిక్కిపడుతుంటే వీడియో తీసి అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. అది ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్ అనే చంటిపిల్లల ఫిట్స్ కావచ్చు, ఆలస్యం చేస్తే నేర్చుకున్నవి పోతాయి. ఈ పాపకు అలాంటివి రాలేదు, మందులు అవసరం పడలేదు.

ఇదే చూపుతో మిగతా పిల్లలు

ఈ కేసు చెప్పినప్పుడల్లా మరి ఇంట్లో ఏం చూడాలి అని అడుగుతారు. నెలల పట్టికను పక్కన పారేయమని నేను అనను. రెండు నెలలు దాటినా మొహం చూసి నవ్వకపోతే, నాలుగు నెలలకు మెడ నిలవకపోతే, ఆరు నెలలకు దేనికీ చెయ్యి చాపకపోతే, తొమ్మిది నెలలకు కూర్చోలేకపోతే, పది నెలలకు "బబ", "దద" లాంటి శబ్దాలు రాకపోతే ఆగకుండా చూపించాలి. మాటల విషయంలో ఒక జాగ్రత్త: వినికిడి లేని పిల్లలు కూడా మొదట్లో "ఉంగా" అంటారు, నవ్వుతారు. అందుకని ఊ కొడుతోంది కదా అని వినికిడి పరీక్ష మానకూడదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వయసును పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఆరు నెలలంటే ఎదుగుదల లెక్కలో నాలుగు నెలలే. నేర్చుకున్నది ఏదైనా పోతే, అది నవ్వయినా, శబ్దమయినా, వయసుతో పనిలేకుండా వెంటనే తీసుకెళ్లాలి.

ఆ పట్టికలోని ప్రతి వరుసకూ "రెండు వైపులా?" అన్న ప్రశ్న చేర్చండి. బోర్లా పడుతోంది, రెండు వైపులకా? అందుకుంటోంది, రెండు చేతులతోనా? తంతోంది, రెండు కాళ్లతోనా? పొట్ట మీద పాకేటప్పుడు ఒక చెయ్యి కింద ఇరుక్కుపోతోందా? ఒకటి రెండు రోజులు ఒక చేత్తో ఎక్కువ ఆడితే కంగారు పడక్కర్లేదు, పిల్లలకు అలాంటి రోజులుంటాయి. ఎప్పుడూ అదే చెయ్యి అయితేనే తేడా.

మొదలుపెట్టిన చికిత్స

ఎనిమిదో నెలలో మొదలుపెట్టాం. పద్ధతి పేరు బేబీ సీఐఎంటీ. బాగా పనిచేసే ఎడమ చేతికి మెత్తటి గ్లౌజు లాంటిది తొడిగి, రోజుకు అరగంట కుడి చేత్తో ఆడించాలి. వారానికి ఆరు రోజులు, ఆరు వారాలు. తర్వాత ఆరు వారాలు విరామం, మళ్లీ ఆరు వారాలు. ఆడించేది తల్లిదండ్రులే. థెరపిస్ట్ వారానికోసారి చూసి బొమ్మలు, ఆట తీరు మారుస్తుంది.

అరగంటే కదా అనిపిస్తుంది, కానీ మొదటి వారం చాలా కష్టంగా గడిచింది. ఎడమ చెయ్యి ఎందుకు పనిచేయడం లేదో పాపకు అర్థం కాలేదు, ఏడ్చింది. తల్లి కూడా ఏడ్చింది. ఏడుస్తుంటే ఆపేయమని చెప్పాం. విసుగు మీద నడిచే వ్యాయామం వల్ల పాప కుడి చేతిని ఇంకా దూరం పెడుతుంది. సమయాన్ని పది పది నిమిషాలుగా విడగొట్టాం. బొమ్మలు మార్చాం. మొదట ఎంచుకున్నవి పట్టుకుంటే గానీ ఆడని బొమ్మలు. వాటికి బదులు ఊరికే తగిలితే మోగే గంటలు, తేలికపాటి పెద్ద రింగులు, వేళ్లు దూరేంత ఖాళీ ఉన్న బంతి తెచ్చాం. పిడికిలి తగిలినా గంట మోగుతుంది. మోగిందని పాపకు తెలియాలి, మళ్లీ కొట్టాలనిపించాలి. ఈ వయసు చికిత్సలో బలవంతంగా వేళ్లు విప్పడం కంటే ఆ "మళ్లీ" చాలా విలువైనది.

మిగతా రోజంతా గ్లౌజు లేకుండా రెండు చేతులూ కలిసే ఆటలు. పెద్ద బంతిని రెండు చేతులతో పట్టించడం, బోర్లా ఉన్నప్పుడు ఛాతీ కింద చిన్న చుట్ట పెట్టి కుడి మోచేతి మీద బరువు పడేలా చేయడం, ఎత్తుకునేటప్పుడు కుడి చెయ్యి లోపల నొక్కుకుపోకుండా బయటికి తీయడం. వెల్లకిలా పడుకోబెట్టి నిద్రపుచ్చడం, మెలకువగా ఉన్నప్పుడు దగ్గరుండి బోర్లా ఆడించడం అన్ని పిల్లలకూ అవసరమే, ఈ పాపకు ఇంకాస్త ఎక్కువ.

ఏడాది నిండేసరికి

ఎనిమిదిన్నర నెలలకు ఆసరా లేకుండా కూర్చుంది. తొమ్మిదో నెలలో కుడి చెయ్యి గంట మీద వాలడం మొదలైంది, మొదట పిడికిలితో, తర్వాత కొన్నిసార్లు విప్పిన వేళ్లతో. పదో నెలలో ఎడమ చేత్తో బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువులు ఏరుకుంది. కుడి చెయ్యి అలాంటివాటిని మొత్తం వేళ్లతో తన వైపు లాక్కుంటుంది. చప్పట్లు కొడుతుంది, ఎడమ అరచేతిని కుడి పిడికిలి మీద. మోకాళ్ల మీద దోగాడలేదు, కూర్చునే ముందుకు జరుగుతోంది. కుడి చేతి మీద బరువు మోయలేని పిల్లలు తరచుగా ఈ దారే ఎంచుకుంటారు. ఏ సమస్యా లేని పిల్లలు కొందరు కూడా ఇలాగే జరుగుతారు, కాబట్టి కూర్చుని జరగడం ఒక్కటే చూసి ఎవరికీ జబ్బు అంటగట్టకూడదు.

పదకొండో నెలలో కుర్చీ పట్టుకుని నిలబడింది. కుడి మడమ కొద్దిగా పైకి లేస్తోంది. పన్నెండో నెల చూపుకు వచ్చినప్పుడు "అమ్మ" అని తల్లినే, "తాత" అని తాతయ్యనే పిలిచింది. వద్దంటే ఆగుతోంది, టాటా చెబుతోంది. ఎడమ మెదడు మాటకు ముఖ్యమైనది కాబట్టి ఈ విషయంలో ఇంట్లో అందరికీ భయం ఉంది. పసితనంలో జరిగిన గాయమైతే కుడి భాగం ఆ పని చాలావరకు అందుకోగలదు. అయినా రెండు, మూడేళ్లలో వాక్యాలు కలిపే తీరు ప్రత్యేకంగా చూస్తాం.

కుడి చెయ్యి ఎడమ చేతితో సమానం కాలేదు, అవుతుందని ఎవరికీ మాట ఇవ్వలేదు. ఇప్పుడది సహాయక చెయ్యి. ఎడమ చెయ్యి డబ్బా మూత లాగుతుంటే కుడి చెయ్యి డబ్బాను ఒంటికి అదిమి పట్టుకుంటుంది. ఎవరూ చెప్పకుండా, తనంతట తానే. నా దృష్టిలో ఈ ఏడాదిలో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదే. రోజువారీ పనుల్లో ఎక్కువభాగం ఒక చెయ్యి పట్టుకుని ఒక చెయ్యి చేసేవే. పాపకు చొక్కా గుండీ పెట్టుకోవడం, సీసా మూత తీయడం, కాగితం పట్టుకుని రాయడం అన్నీ ఈ సాయంతోనే సాధ్యమవుతాయి.

ముందున్న పని ఇది. నిలబడే సమయం పెరిగాక మడమ ఇంకా లేస్తుంటే పాదానికి తేలికపాటి ఆసరా బూటు వేయాల్సి రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో సొంతంగా నడిచిన వయసు 8.2 నుంచి 17.6 నెలల దాకా ఉంది. ఈ పాప ఆ చివరకు దగ్గరగా గానీ, కాస్త దాటిగానీ నడుస్తుందని అనుకుంటున్నాం. కళ్ల డాక్టర్ చేత కుడి వైపు చూపును మరింత వివరంగా పరీక్ష చేయించాలి, ఇప్పుడు పాప సహకరించే వయసు వస్తోంది. ఏడాదిన్నరకు చేతి పనిని మళ్లీ కొలిచి, గ్లౌజు ఆటను ఇంకో విడత చేయాలా, రెండు చేతుల శిక్షణకు మారాలా అన్నది థెరపిస్ట్, తల్లిదండ్రులు, నేను కూర్చుని నిర్ణయిస్తాం.